మగ్గం గది లైను

మాటిమాటికీ కాలిపోయే ఫ్యూజు చెడ్డదనీ, ఏళ్ల తరబడి కాలకుండా ఉండేదే మంచి ఫ్యూజనీ మా వీధిలో అందరూ నమ్మేవారు. ఈ నమ్మకం చదువులేనివారిది మాత్రమే కాదు. వనపర్తిలో నేను భౌతికశాస్త్రం బోధించిన కాలంలో నా తోటి అధ్యాపకుల ఇళ్లలోనూ దీన్నే చూశాను. ఒక పోగు తీగ కాలితే రెండు పోగులు పేని బిగించడం, అవీ కాలితే నాలుగు చేయడం వారి దృష్టిలో మరమ్మతు. గద్వాల నేతవీధిలో దీనికొక స్థానిక పరిష్కారం కూడా ఉండేది: చీర అంచుకు పోను మిగిలిన జరీ పోగులకు పురిపెట్టి ఫ్యూజులో చుట్టేవారు. జరీలో వెండి ఉంటుంది గనుక అది రాగి తీగకంటె ఒక మెట్టు పైదని వారి వాదన. కాలిపోవడమే ఆ తీగ ఉద్యోగమనీ, ఎన్నటికీ కాలని ఫ్యూజు కునుకు తీస్తున్న కావలివాడి వంటిదనీ నేను చెబితే మర్యాదగా వినేవారు. విని, జరీనే చుట్టుకునేవారు.

తొంభై రెండు ఎండాకాలం చివర పదవీ విరమణ చేసి మా తమ్ముడు వెంకటస్వామి ఇంటికి చేరాను. ఒంటరివాణ్ని. పుస్తకాల పెట్టెలు కాక నా వెంట తెచ్చినది ఒక్కటే, హైదరాబాదులో కొన్న ఈఎల్‌సీబీ అనే పరికరం. అరచేతిలో ఇమిడే తెల్లని పెట్టె. ముందువైపు ఒక మీట, దాని పక్కన పరీక్ష కోసం చిన్న బొత్తం. మా వీధిలో కరెంటు పనులు చేసే ఆశీర్వాదాన్ని పిలిపించి, ముందుగదిలో మెయిన్ పక్కన బిగించమన్నాను.

"సారూ, బిగిస్త," అన్నాడు ఆశీర్వాదం, పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తూ. "కని పాత ఇల్లు, తడి గోడలు. ఇది ఊకె పడుతది. పడినప్పుడల్ల మీరు నన్ను తిడ్తరు."

"పడనీ. పడడానికే తెచ్చిన."

వెంకటస్వామి మగ్గం దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఇది ఏం జేస్తదన్నా?"

అతనికి అర్థమయ్యే ఉపమానం కోసం వెతుక్కున్నాను. "నీ నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయి మళ్లీ వస్తది గద. పోయిన పోగు, వచ్చిన పోగు సమానం ఉండాలె. మధ్యల ఎక్కడన్న పోగు జారితే నీ చేతికి తెలుస్తది. ఇదీ అంతే. ఇంట్లకు పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానం ఉండాలె. మనిషి ఒంట్ల నుంచి జరంత నేలలకు జారినా దీనికి తెలుస్తది. రెప్ప కొట్టేలోపల లైను తెంపుతది. ఫ్యూజుకు ఈ సంగతి తెల్వదు. మనిషి పానం తీసేంత కరెంటు ఫ్యూజుకు లెక్కల్లోకే రాదు."

"ఒంట్ల సంగతి దానికి తెలుస్తదా!" వంటింటి గడపలోంచి మా మరదలు రామేశ్వరమ్మ అంది. "గట్లయితే మీ తమ్మునికంటె నయమే బావగారూ. ఆయనకు ఇన్నేండ్లకు నా తలనొప్పి కూడ తెల్వదు."

ఆశీర్వాదం నవ్వుతూ మరలు బిగించాడు. నేను బొత్తం నొక్కాను. టక్కుమని మీట పడింది, ఇంట్లో ఫ్యాను ఆగింది. మీట ఎత్తాను, తిరిగింది. అప్పటి నుంచి ప్రతి ఉదయం ముఖం కడుక్కోగానే ఆ బొత్తం నొక్కి చూడడం నాకు అలవాటయింది. నెలకొకసారి చాలునని పరికరంతో వచ్చిన కాగితంలో ఉంది. నేను రోజూ నొక్కేవాణ్ని. రామేశ్వరమ్మ దానికి "బావగారి సంధ్యవార్పు" అని పేరుపెట్టింది.

పక్కింటి నేతగాడు భీమన్న కూడా ఒకటి తెప్పించమన్నాడు. అంతకుముందు వర్షాకాలంలో అతని భార్య తడి దండెం తీగ ముట్టుకుని షాకు తిని బతికింది. అతనిది కొత్త ఇల్లు. బిగించిన నాటి నుంచి అతని పరికరం ఒక్కసారి కూడా పడలేదు.

మా తమ్ముడిది గుంతమగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు జార్చి, గట్టున కూర్చుని నేస్తారు. పైన తలకు అందేంత ఎత్తులో, అంచుల మీద పూలు ఎత్తే జకార్డు యంత్రం. దానిది ఇనుప చట్రం. దానినుంచి సన్నని తాళ్లు వందలుగా పడుగులోకి దిగుతాయి. దీపం బాగా దగ్గరగా ఉండాలని బల్బు వైరును ఎవరో ఎప్పుడో ఆ చట్రానికే కట్టారు. కాలు కిందికి తొక్కినప్పుడల్లా చట్రం అదిరేది, వైరు దాని అంచుకు రాసుకునేది. గుంత అడుగున వర్షాకాలమంతా చెమ్మ. నేతగాడి పాదాలు ఆ చెమ్మలో వట్టివి. అడుగున రబ్బరు పట్టా వేయమని నేను అడిగాను.

"అన్నా, నువ్వు ఇంకేమన్న జెప్పు, ఇంట," అన్నాడు వెంకటస్వామి. "గుంతల కాలికి అడ్డం ఏదీ పెట్టను. తొక్కుడుకర్ర మీద ఒట్టి కాలు ఆనితెనే ఏ పోగు లేసిందో ఎరుకైతది. రబ్బరు మీద నేసుడంటె కండ్లకు గంతలు కట్టుకుని నేసుడే. నాయిన ఎన్నడన్న చెప్పులేసుకుని గుంతల దిగిండా?"

దిగలేదు. మా వీధిలో ఎవరూ దిగలేదు. ఆచారమని కొట్టివేయబోయి ఆగాను, ఎందుకంటే అతను చెప్పింది ఆచారం కాదు, పని తీరు.

ఆషాఢంలో ముసురు పట్టింది. ఆశీర్వాదం చెప్పినట్లే పరికరం పడడం మొదలుపెట్టింది. ఉదయం పడేది, ఎత్తితే ఒక గంట నిలిచేది, మళ్లీ పడేది. అప్పుడు మగ్గం మీద కల్వకుర్తి వ్యాపారి ఇంటి పెళ్లిచీర ఉంది. శ్రావణంలో ముహూర్తం. చీర నూలు ఒంటికి పట్టు అంచును కలుపుతూ నేసే చోట, దీపం చటుక్కున ఆరితే, వెంకటస్వామి చేతిలోని పోగు ఎక్కడిదో తెలియక కాసేపు అలాగే పట్టుకుని కూర్చునేవాడు. ఆ పోగు వదిలితే అంచు తప్పుతుంది.

"అన్నా, మీట!" అని కేకవేసేవాడు.

గోడ అవతలి నుంచి భీమన్న అందుకునేవాడు. "ఏంది సారూ, మీ కావలోడు మళ్ల పండుకున్నడా?"

"పండుకోలే భీమన్నా. లేచి అరుస్తున్నడు."

"గట్ల అరిస్తె ఇంటోళ్లకు నిద్రేడిది సారూ!"

ఒక ఉదయం ఇంట్లోని లైన్లన్నీ కట్టివేసి ఒక్కొక్కదాన్నే తెరుస్తూ పోయాను. వంటిల్లు, ముందుగది, పెరడు, మూడూ నిలిచాయి. మగ్గం గది లైను తెరవగానే మీట పడింది. మూసి తెరిచాను, మళ్లీ పడింది. ఫలితం స్పష్టంగా ఉంది. ఇంట్లో అందరినీ, పని మీద వచ్చిన ఆశీర్వాదాన్నీ నిలబెట్టి, తరగతిలో చెప్పినట్లు చెప్పాను: "తప్పు మగ్గం గది లైనులోనే ఉంది. మిగతా ఇల్లంతా శుభ్రంగా ఉంది."

ఆ లైను పైన దూలం వెంట, జకార్డు వెనక నుంచి వచ్చేది. మార్చాలంటే జకార్డు దించాలి.

"సగం చీర మీద జకార్డు దించుతరా?" వెంకటస్వామి గుంతలోంచి లేవకుండానే అడిగాడు. "ఆ తాళ్లు ఒక్కసారి చెదిరితె మళ్ల కట్టుడు ఈ శ్రావణానికి గాదు. చీర దిగినంక నీ ఇష్టం."

"అయితే చీర దిగేదాక మగ్గం గదిల దీపం వద్దు. పగటి వెలుతురుకు నెయ్యి."

"పగలేడుందన్నా ఈ ముసురుల?"

ఆ లైను మీట నేనే కిందికి దించాను. సమస్య పరిష్కారమైందని భావించి వెళ్లి నా పుస్తకం ముందు కూర్చున్నాను.

తరువాతి దినాల్లో రామేశ్వరమ్మ తన వంటపని ముగించుకుని, మగ్గం పక్కన కందిలి పట్టుకుని కూర్చునేది. నేను రెండు మూడుసార్లు చూశాను. కిరసనాయిలు దీపం పట్టు పడుగుకు జానెడు దూరంలో. మంచిది కాదని అన్నాను. ఆమె "మరి?" అని మాత్రం అంది. ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యి తిమ్మిరెక్కి కందిలి ఒరిగింది. అంచు దగ్గర కొన్ని పోగులు మాడాయి. వెంకటస్వామి తిట్టలేదు. మాడిన పోగులను ఒక్కొక్కటే ముడివేసుకుంటూ సాయంత్రం దాకా తల ఎత్తలేదు. ఆమె ఆ కందిలిని ఒడిలో పెట్టుకుని అక్కడే కూర్చుంది.

పెన్షను పని మీద నేను వనపర్తి వెళ్లి, అక్కడ ఒక మిత్రుడి ఇంట్లో నాలుగు రోజులుండి వచ్చాను. తిరిగి వచ్చేసరికి మగ్గం గదిలో బల్బు వెలుగుతోంది. నాడె చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది.

"ఆశీర్వాదం వచ్చి లైను మంచిగ జేసిండు బావగారూ," అంది రామేశ్వరమ్మ, నాకు కాళ్లకు నీళ్లిస్తూ.

"జకార్డు దించకుండనే?"

"ఏం జేసిండో నాకేం తెలుస్తది. పడుత లేదు. అంతే."

మరునాడు ఉదయం బొత్తం నొక్కాను. టక్కుమంది. ఫ్యాను ఆగింది. ఎత్తాను, తిరిగింది. తృప్తి కలిగింది. ఆ బొత్తం పరికరం పని చేస్తున్నదని మాత్రమే చెబుతుంది. ఏ లైను దాని కాపలాలో ఉన్నదో చెప్పదు. ఈ భేదం నాకు తెలుసు. పిల్లలకు ఇటువంటి భేదాలు బోధించే ముప్పై ఏళ్లు బతికాను. నేను నొక్కే వేళకు మగ్గం గదిలో దీపం ఉండేది కాదు. ఆ గది గడపలో రామేశ్వరమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉండేది. నేను మీట ఎత్తిన తరువాతే ఆమె ఊడవడం మొదలుపెట్టేది.

శ్రావణం ప్రవేశించిన వారంలో, ఒక మధ్యాహ్నం వాన జోరుగా కురుస్తోంది. నేను ముందుగదిలో చదువుకుంటున్నాను. మగ్గం చప్పుడు ఆగింది. పోగు తెగినప్పుడు మగ్గం ఆగడం నాకు తెలుసు. ముందు నెమ్మదించి ఆగుతుంది. ఇది అలా కాదు. నేను పుస్తకంలోంచి తల ఎత్తేలోపల రామేశ్వరమ్మ నా పక్కనుంచి పరుగెత్తి వచ్చి, మెయిన్ కిందికి గుంజింది. అరవలేదు. గుంజి, అదే ఊపులో వెనక్కు పరుగెత్తింది.

చిక్కుపడ్డ తాడును సర్దడానికి వెంకటస్వామి కుడిచేత్తో జకార్డు చట్రాన్ని పట్టుకున్నాడు. చెయ్యి దానికి అతుక్కుపోయింది. పాదాలు గుంతలో తడినేల మీద ఉన్నాయి. రామేశ్వరమ్మ అతన్ని ముట్టుకోలేదు. కరెంటు పట్టుకున్న మనిషిని ముట్టుకోకూడదనీ ముందు మెయిన్ తీయాలనీ నేను ఆ ఇంట్లో వందసార్లు చెప్పాను. ఆమె విన్నదని నాకు అప్పుడు తెలిసింది.

ఊపిరి ఉంది. స్పృహ సగం ఉంది. భీమన్న వీధి చివర నుంచి జీపు పట్టుకొచ్చాడు. ఎత్తి ఎక్కిస్తున్నప్పుడు నేను గోడవైపు చూశాను. మెయిన్ కిందికి ఉంది. నా పరికరం మీట మాత్రం పైకే ఉంది.

కర్నూలు దవాఖానలో మూడు వారాలు. ప్రాణానికి భయం లేదన్నారు. బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్లు లోపలి నరాల దాకా కాలాయి. అవి ఇక వంగవన్నారు. నేతగాడు నాడెను ఆ మూడు వేళ్లతోనే ఆపుతాడు.

రెండోరోజు నేను బట్టల కోసం గద్వాల వచ్చి, స్టూలు వేసుకుని బోర్డు విప్పాను. వెనక కొత్త టేపు చుట్టిన అతుకు ఉంది. మగ్గం గది లైనును నా పరికరానికి ముందు నుంచే, మెయిన్ నుంచి నేరుగా తీసుకుపోయారు. పని పొందికగా చేశారు. ఇంటి మిగతా భాగమంతా కాపలాలో ఉంది, ఆ ఒక్క గది తప్ప. ఉదయం నేను బొత్తం నొక్కే వేళ అక్కడ దీపం వెలుగుతూ ఉంటే ఆరేది కాదు; అందుకే దాన్ని ముందే ఆర్పి ఉంచేవారు.

ఆశీర్వాదం నేను పిలవకముందే వచ్చాడు. గడప బయటనే నిలబడ్డాడు.

"సారూ, అమ్మ ఏడ్సింది. మాడిన పోగులు చూపిచ్చి ఏడ్సింది. నాకు పానం నిలువలే."

"నీకు తెల్వదా ఇది?"

"తెల్సు సారూ." బోర్డు వైపు చూశాడు. "మీరే గద అంటిరి, తప్పు ఆ లైనుల ఉన్నది, మిగతా ఇల్లు శుభ్రమని. ఆ ఒక్కటి తప్పిస్తె మిగతా ఇల్లన్న కాపాడుతది గద అనుకున్న. చీర దిగంగనే మళ్ల కలుపుదునని అమ్మకు జెప్పిన."

అతను అన్నది నా వాక్యమే, మాట పొల్లుపోకుండా. ఏ లైనును కాపాడాలో కనుక్కోవడానికి నేను చేసిన పరీక్ష, ఏ లైనును తప్పించాలో వాళ్లకు చెప్పింది.

కర్నూలుకు తిరిగి వెళ్లి, దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు మరొక సంగతి తోచింది. జకార్డు దించనవసరం లేదు. పాత లైనును చంపేసి, ముందుగది నుంచి కిటికీ గుండా ఒక కొత్త వైరు లాగి, మగ్గం పక్కన కట్టెగుంజకు బల్బు కట్టి ఉంటే సరిపోయేది. ఒక పూట పని. ఆ మాట ఎవరికీ తట్టలేదు. తక్కినవారికి తట్టకపోవడం వేరు. నేను దీపం వద్దని శాసించి పుస్తకం దగ్గరికి పోయాను. ఆమె చేతికి కందిలి వచ్చింది.

భాద్రపదంలో వెంకటస్వామిని ఇంటికి తెచ్చాము. పెళ్లిచీర వేరొకచోట కొన్నారని కల్వకుర్తి నుంచి కబురు వచ్చింది. సగం చీర మగ్గం మీదనే ఉంది. దాని మీద పాత దుప్పటి కప్పారు.

వచ్చిపోయే వాళ్లు వరండాలో కూర్చుని పరామర్శించేవారు. అన్ని పరామర్శల్లోనూ ఒక మాట తిరుగుతుండేది, ఆ డబ్బా ఉండంగనే ఇట్లయింది అని. భీమన్న దాన్ని సూటిగా అన్నాడు.

"సారూ, మీరు చదివినోళ్లు, మిమ్ముల నేనేమన. కని మీ ఇంట్ల ఉండంగ గిట్లాయె. ఊకె పడుడు తప్ప అక్కరకు రాకపాయె. నాది తీపిస్త. ఐతారం ఆశీర్వాదాన్ని రమ్మన్న."

"తీయకు భీమన్నా."

"ఎందుకు తీయొద్దు?"

అతని భార్య వాళ్ల పెరట్లో తడిబట్టలు ఆరవేస్తోంది; దండెం తీగ అదే. కారణం చెప్పాలంటే అంతా చెప్పాలి. "ఐతారం దాక ఆగు," అన్నాను.

ఆ సాయంత్రం రామేశ్వరమ్మ నేను కూర్చున్న చోటికి వచ్చి, ఎప్పుడూ లేనిది, నేల మీద కూర్చుంది. లోపల వెంకటస్వామి నిద్రపోతున్నాడు.

"బోర్డు ఇప్పి చూసిండ్రు గద బావగారూ."

"చూసిన."

"ఆయనకు చెప్పిండ్రా?"

"లేదు."

"మీరు అబద్ధం ఆడరని ఎరుకే. ఒక్కటి అడుగుత. రేపో ఎల్లుండో ఆయన అడుగుతడు, డబ్బ మంచిగ పనిజేసుంటె చెయ్యి ఉంటుండెనా అని. ఉన్నా గిట్లనే అయితుండె అని చెప్పుండ్రి."

"నీ పేరు నేను చెప్పను రామేశ్వరమ్మా."

"పేరు జెప్పకుంటె చాలదు బావగారూ. చెయ్యి మిగులుతుండె అని తెలిస్తె, ఆ చెయ్యి చూసుకున్నప్పుడల్ల ఆయన ఎవరు పోగొట్టిండ్రని ఎతుకుతడు. మీరు ఊర్ల లేనప్పుడు ఇంట్ల ఉన్నది మేమిద్దరమే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "దేవుడు లేడని జెప్పనీకి మీరు ఎన్నడు ఎనకాడలే. బీచుపల్లి అంజన్నకు నేను మొక్కినప్పుడు గూడ నా మొకం మీదనే చెప్పిండ్రు. గీ ఒక్కటి గూడ లేదనుండ్రి."

నేను పుస్తకంలోకి తల వంచాను. దాన్ని ఒప్పుకోలుగా తీసుకుందో కాదన్నట్లు తీసుకుందో నాకు తెలియదు. లేచి దీపం పెట్టడానికి వెళ్లింది.

శనివారం మధ్యాహ్నం వెంకటస్వామి మంచం మీద లేచి కూర్చున్నాడు. కట్టు విప్పిన చెయ్యిని మోకాలి మీద పెట్టుకుని దాన్ని తిప్పి చూసుకుంటున్నాడు.

"అన్నా, ఒకటి అడుగుత. లెక్క ప్రకారం చెప్పు, ఊరడియ్యకు. ఆ డబ్బ సరింగ పనిజేసుంటె ఈ చెయ్యి ఉంటుండెనా?"

గంజి గ్లాసుతో రామేశ్వరమ్మ గడప దాకా వచ్చి ఆగింది. అతనికి ఆమె కనబడుతోంది. నాకూ కనబడుతోంది.

మర్నాడు ఆదివారం. భీమన్న పెరట్లోని తీగ, అతని పిల్లలు, ఈ వీధిలోని గుంతలన్నీ, అన్నీ నాకు గుర్తుకు వచ్చాయని ఇప్పుడు రాస్తే బాగుంటుంది. కాని అప్పుడు అవేవీ గుర్తుకు రాలేదు. లెక్క అడిగాడు, లెక్క నాకు తెలుసు.

"షాకు కొట్టేది," అన్నాను. "కని పట్టుకుని ఉండేటోనివి గాదు. చెయ్యి ఊడొచ్చేది. వేళ్లు కాలకపోతుండె."

"అంటె ఉంటుండె."

"ఉంటుండె."

అతను తల ఊపాడు. "మరి ఎందుకు పడలే అది?"

మన భాషలో చేసినవారెవరో చెప్పకుండా వాక్యం చెప్పే సౌకర్యం ఉంది. మగ్గం గది లైను దాని పరిధిలో లేకుండింది అని చెప్పవచ్చు. నేను ఆ వాక్యాన్ని సమకూర్చుకుంటుండగానే రామేశ్వరమ్మ లోపలికి వచ్చింది.

"నేనే తీపిచ్చిన," అంది. "బావగారు ఊర్ల లేనప్పుడు. చీకట్ల నీ పని అయితలేదని. ఆశీర్వాదం వద్దనే అన్నడు, నేనే బతిలాడిన."

వెంకటస్వామి ఆమె వైపు చూడలేదు. చేతిని మోకాలి మీద నుంచి తీసి పక్కన పెట్టుకున్నాడు. వీధిలో ఎవరో గంజి పెట్టిన పడుగును సాగదీసి ఆరబెడుతున్నారు; వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"నీ పానం నిలబెట్టింది గూడ ఆమెనే," అన్నాను. "నేను కుర్చీల నుంచి లేవకముందే మెయిన్ తీసింది."

"ఎరుకే," అన్నాడు. మళ్లీ నాతోనే అన్నాడు: "అన్నా, గంజి ఆడ పెట్టమను."

ఆమె అతనికి మూరెడు దూరంలో నిలబడి ఉంది. నేను ఆమెతో చెప్పాను. ఆమె పెట్టింది.

ఆదివారం పొద్దున భీమన్న దగ్గరికి వెళ్లి, పరికరం ఎందుకు పడలేదో వివరించాను. అతను తన దాన్ని తీయించలేదు. తరువాత ఇంకొందరు అడిగారు, వాళ్లకూ వివరించాను. రామేశ్వరమ్మ పేరు ఒక్కరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కలగలేదు; నేను ఊళ్లో లేనప్పుడు ఇంట్లో ఉన్నదెవరో వీధికి తెలుసు. దసరా నాటికి మా వీధిలో ఆరిళ్లలోకి ఆ పరికరం వచ్చింది. ఆశీర్వాదం వాటిని బిగించేటప్పుడు ఏ లైనూ తప్పించనని ముందే చెప్పి బిగించేవాడట. బావి దగ్గర ఆడవాళ్లు రామేశ్వరమ్మకు చోటిచ్చి కొంచెం ఎడంగా జరిగేవారు. ఆమె తెల్లవారకముందే నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

కిటికీ గుండా కొత్త వైరు, పరికరం కాపలాలోనే ఉండేలా, నేనే దగ్గరుండి వేయించాను. ఒక పూట కూడా పట్టలేదు. జకార్డు చట్రానికి ఎర్తు తీగ కలిపించాను.

దసరా వెళ్లిన తరువాత రామేశ్వరమ్మ మగ్గం మీది దుప్పటి తీసి మడతపెట్టింది. అంతవరకూ ఆమె కండెలు చుట్టింది, పోగులు అతికింది, నాడె పట్టలేదు. గట్టున కూర్చుని వట్టి కాళ్లు గుంతలోకి జార్చింది. కాసేపు చూసి నేను బజారుకు పోయి రబ్బరు పట్టా తెచ్చాను. ఆమె దాన్ని అడుగున పరిచింది. ఎవరూ వద్దనలేదు.

వెంకటస్వామి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్య నా కుర్చీ.

"అన్నా, పోగును కొట్టే పోటు జర మెత్తగ ఏయమను."

నేను చెప్పాను.

"బావగారూ, ఎడమ అంచు గుంజుకపోతుంది. ఏం జెయ్యాల్నో అడుగుండ్రి."

నేను అడిగాను.

"కండె వదులు జెయ్యమను. పట్టు ఏందో నూలు ఏందో కాలికి తెల్వాలె. తెలుస్తుందా అడుగు."

"జర జర తెలుస్తుందని చెప్పుండ్రి."

ఈ విధంగా చీర రోజుకు జానెడు చొప్పున ముందుకు పోయింది. నేను పుస్తకాలు చదవడం ఆ గదిలోకి మార్చుకున్నాను, కాని చదివింది తక్కువ.

కార్తీకంలో ఒకరోజు అకాలంగా వాన కురిసింది. మధ్యాహ్నం వేళ పరికరం పడింది. దీపం ఆరింది. రామేశ్వరమ్మ చేతిలో పోగు అలాగే ఉంది. ఆమె దాన్ని పంటితో పట్టి, ముడివేసి, గుంతలోంచి పైకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"అన్నా, ఆశీర్వాదాన్ని పిలవమను," అన్నాడు వెంకటస్వామి.

నేను చెప్పాను. ఆమె కొంగు నెత్తిన వేసుకుని వానలోకి వెళ్లి పిలుచుకు వచ్చింది. పెరటి లైనులో ఎలుక కొరికిన వైరు దొరికింది. దాన్ని మార్చేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా మీట ఎవరూ ఎత్తలేదు.